పెద్దపేగు క్యాన్సర్: ఎవరికి ఏ పరీక్ష?

కాకినాడ నుంచి పిఠాపురం వచ్చే దారిలోనే కాదు, గోదావరి జిల్లాల్లో ఏ ఊరి పొలిమేర దాటినా ప్రహరీ గోడల మీద ఒక ప్రకటన కనిపిస్తూనే ఉంటుంది. మొలలు, భగందరం, ఫిషర్లకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం. కింద సెల్ నంబరు. ఇన్ని గోడలకి ఇంత రంగు ఖర్చు పెడుతున్నారంటే ఆ వైద్యానికి గిరాకీ ఉందనే. మోషన్‌లో నెత్తురు పడితే మన దగ్గర దానికి ఒకటే పేరు. ఇంట్లో పెద్దవాళ్ళు మొలలంటారు, మందుల షాపు కుర్రాడు పైల్స్ అంటాడు, ఆర్‌ఎంపీ గారు ‘వేడి చేసిందండీ, కారం తగ్గించండి’ అంటారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే అవుతుంది కూడా. మిగిలిన కొద్దిమందితోనే చిక్కు. వాళ్ళకి ఆ నెత్తురు మొలలది కాదు, పెద్దపేగులోనో దాని చివరనుండే మలాశయంలోనో పెరుగుతున్న గడ్డది. ఆ సంగతి తేలేసరికి ఆయింట్‌మెంటు గొట్టాలు అరడజను ఖాళీ అయి, నెలలు గడిచిపోయి ఉంటాయి.

ఈ వ్యాసం స్క్రీనింగ్ గురించి. అంటే ఏ బాధా లేని మనిషికి, జబ్బు లోపల మొదలైందేమో ముందే చూసే పరీక్షల గురించి. అందుకే నెత్తురు సంగతి మొదట్లోనే తేల్చేస్తున్నాను. నెత్తురు పడుతున్నవాళ్ళకి, కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ పడిపోయినవాళ్ళకి, వారాల తరబడి విరేచనం తీరు మారిపోయినవాళ్ళకి, ఊరికే బరువు తగ్గుతున్నవాళ్ళకి కింద చెప్పే పోలికలేవీ వర్తించవు. వాళ్ళు వేరే దారిలో ఉన్నారు, ఏ పరీక్ష ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి. ముఖ్యంగా యాభై దాటిన మగవాడికి, నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఐరన్ లోపంతో రక్తహీనత వస్తే టానిక్ రాసి పంపించేయడం తప్పు. ఆ నెత్తురు ఎటు పోతోందో వెతకాలి, ఆ వెతుకులాటలో పెద్దపేగు కూడా ఉండాలి.

ఇక అసలు విషయం. క్యాన్సర్లలో ముందుగా వెతకడానికి ఇంత వీలున్నవి తక్కువ. పెద్దపేగు లోపలి పొరమీద చిన్న పిలకలాంటి పాలిప్ మొలుస్తుంది. వాటిలో చాలావరకు అలాగే ఉండిపోతాయి. అడినోమా అనే రకంలో కొన్ని మాత్రం పెరుగుతాయి, కణాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా జన్యువులు చెడతాయి, చివరికి క్యాన్సర్ అవుతాయి. అమెరికాలో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం 1980ల చివరి నుంచి ఈ మెట్లను జన్యువుల పేర్లతో సహా చూపించింది. ఏపీసీ అనే జన్యువు తొలిమెట్టు, కేరాస్ నడిమెట్టు, పీ53 చివరి మెట్టు. ఈ ప్రయాణానికి మామూలుగా పదేళ్ళు, ఒక్కోసారి పదిహేనేళ్ళు పడుతుంది. దారిలో ఎక్కడ పట్టుకున్నా లాభమే. పాలిప్‌గా ఉండగా కోసేస్తే దాన్నుంచి క్యాన్సర్ రానే రాదు. పేగు గోడ దాటకముందు దొరికితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యంగా, కాలేయానికి పాకాక దొరికితే కథ వేరు. ప్రపంచంలో ఏటా 19 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోందని, 9 లక్షల మంది దీనితో చనిపోతున్నారని 2022 అంచనా. మన దేశంలో కొత్త కేసులు ఏటా 70 వేల దాకా ఉంటాయి.

మలంలో కంటికి కనపడని నెత్తురును వెతకాలన్న ఆలోచన పాతది. కరీబియన్ దీవుల్లో పెరిగే గ్వాయాకమ్ అనే గట్టి చేవ చెట్టు జిగురు దానికి ఆధారం. ఆ జిగురు పట్టించిన కాగితం మీద మలం రాసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, నెత్తురుంటే నీలం రంగు తేలుతుంది. ఓహాయోలో డేవిడ్ గ్రీగర్ అనే డాక్టరు 1967లో దీన్ని ఇంటి పరీక్షగా మార్చాడు. రోగి ఇంట్లోనే అట్టముక్క మీద రాసి పంపితే చాలు. ఇది నిజంగా ప్రాణాలు కాపాడుతుందా అన్నదానికి జవాబు 1993లో మిన్నెసోటా నుంచి వచ్చింది. 46 వేల పైచిలుకు మందిని పదమూడేళ్ళు వెంబడిస్తే, ఏటా పరీక్ష చేయించుకున్న వర్గంలో ఈ క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయి. ఇంత చవక కాగితం ముక్క అంత పని చేసిందంటే దాని గొప్పతనం కన్నా దాని వెనక కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పేగు లోపలంతా చూసే పరీక్ష, ఉండటమే అసలు కారణం. నీలం తేలినవాళ్ళని ఆ పరీక్షకి పిలిచారు.

కానీ గ్వాయాక్ పరీక్షకి విచక్షణ లేదు, నెత్తురు ఎక్కడిదో, ఎవరిదో తెలియదు. ముందురోజు తిన్న వేటమాంసంలోని నెత్తురుకీ నీలం తేలుతుంది, పచ్చి ముల్లంగికీ తేలుతుంది. పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళ చిన్నపేగుల్లో కొంకిపురుగులుంటే వాటివల్ల కారే నెత్తురుకీ తేలొచ్చు. సి విటమిన్ ఎక్కువ తింటే మాత్రం ఉన్న నెత్తురు కూడా దొరక్కుండా పోతుంది. నిమ్మకాయ, ఉసిరికాయ లేకుండా పూట గడవని మనకి ఇది కొత్త ఇబ్బంది. మన ఊళ్ళ ల్యాబుల్లో ‘స్టూల్ అకల్ట్ బ్లడ్’ అని రాస్తే ఏ పద్ధతిలో చేస్తున్నారో ఒకసారి అడగడం మంచిది. పేరు ఒకటే, లోపల పరీక్షలు రెండు రకాలు.

రెండో రకం పేరు ఫిట్. ఇందులో వాడే యాంటీబాడీ మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. మేక నెత్తురు, కోడి నెత్తురు దానికి పట్టవు, కాబట్టి పథ్యం అక్కర్లేదు. పైగా కడుపులో, చిన్నపేగుల్లో కారిన నెత్తురులోని గ్లోబిన్ దారిలోనే జీర్ణమైపోతుంది. ఫిట్‌లో పాజిటివ్ వచ్చిందంటే నెత్తురు చాలావరకు కింది భాగానిదే.

కిట్ చూస్తే బొటనవేలంత ప్లాస్టిక్ సీసా. మూత తిప్పి లాగితే దానికే అతుక్కున్న సన్నని పుల్ల బయటికి వస్తుంది. పుల్ల చివర మరచుట్టల్లాంటి గాట్లు ఉంటాయి. మలం మీద నాలుగైదు చోట్ల ఆ చివర్ని గీకితే గాట్లలో పట్టేది పది మిల్లీగ్రాములు, ఆవగింజ పాటి. పుల్లని మళ్ళీ సీసాలో గుచ్చితే లోపలి ద్రవం దాన్ని కడుగుతుంది, అదనంగా అంటుకున్నదంతా మెడ దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువ తీస్తే ఎక్కువ మంచిదనుకుని చెంచాతో నింపేవాళ్ళుంటారు, అది పనికిరాదు. ఇంకో సంగతి కిట్ పెట్టెలోని బొమ్మలు చెప్పవు. అవన్నీ కమోడ్ మీద కూర్చునేవాళ్ళ కోసం గీసినవి. మన నేల దొడ్లలో మలం నీళ్ళలో పడితే నెత్తురు కడుక్కుపోతుంది, ఫలితం తప్పుతుంది. గుంటలో పాత వార్తాపత్రికో, పాలిథిన్ కవరో మడిచి పరిచి, నీళ్ళు తగలకముందే గీకాలి. ఆరోగ్య కార్యకర్త ఎవరైనా కిట్ చేతికిస్తే మొట్టమొదట చెప్పాల్సింది ఇదే, సాధారణంగా సిగ్గుపడి చెప్పకుండా వదిలేసేదీ ఇదే.

మన వాతావరణంతో కూడా పేచీ ఉంది. గ్లోబిన్ ఎండకి చెడిపోతుంది. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో స్క్రీనింగ్ రికార్డులు తిరగేసినవాళ్ళకి వేసవిలో ఫిట్ పాజిటివ్‌లు తగ్గుతున్నాయని 2010లో కనిపించింది. ఫ్లారెన్స్ ఎండే అంత చేస్తే, రోహిణి కార్తెలో పిఠాపురం ఎండ ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. ఇప్పటి సీసాల్లో నిలవ ఉంచే ద్రవం మెరుగుపడింది కాని, తీసిన శాంపిల్‌ని బండి డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నమంతా తిరిగితే ఏ ద్రవమూ కాపాడలేదు. ఉదయం తీసి, చల్లగా ఉంచి, వీలైనంత తొందరగా ల్యాబుకి చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టాలంటే ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోరన్న మాట వింటూ ఉంటాం. దాన్ని తప్పు పట్టను, కవర్లో చుట్టి డబ్బాలో పెట్టుకోమంటే ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు. అదీ కాదంటే శాంపిల్‌ని ల్యాబు తెరిచే పూటే తీసుకోవచ్చు.

ఫిట్ ఎంతవరకు నమ్మదగ్గది? 19 అధ్యయనాల్ని కలిపి 2014లో వేసిన లెక్క ప్రకారం క్యాన్సర్ ఉన్న 100 మందిలో 79 మందిని అది పట్టుకుంటుంది, లేని 100 మందిలో 94 మందిని సరిగ్గా వదిలేస్తుంది. పెద్ద పాలిప్‌ల విషయంలో దాని చూపు బలహీనం, ఒక్కసారి చేస్తే నాలుగోవంతు దాకానే దొరుకుతాయి, ఎందుకంటే పాలిప్‌లన్నీ రోజూ నెత్తురు కార్చవు. అందుకే ఫిట్‌ని ఒకసారి చేసి వదిలేయకూడదు. ఏటా, లేదా రెండేళ్ళకోసారి చేస్తేనే దానికి అర్థం. ఈసారి తప్పించుకున్న పాలిప్ వచ్చేసారి దొరుకుతుంది, పదేళ్ళ వ్యవధి ఉందన్నాం కదా. జపాన్ 1992 నుంచి దేశమంతటా ఈ పరీక్షతోనే నడుస్తోంది.

ఇప్పుడు కొలనోస్కోపీ. న్యూయార్క్‌లో విలియమ్ వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు సర్జన్లు 1969లో గొట్టంలోంచే తీగ ఉచ్చు దూర్చి పాలిప్‌ని కోయడం మొదలుపెట్టినప్పటి నుంచి దీని దశ తిరిగింది. అప్పటిదాకా పాలిప్ తీయాలంటే పొట్ట కోయాల్సిందే. ఇది చూసే పరీక్ష, తీసే చికిత్స రెండూను. మలాశయం నుంచి పెద్దపేగు మొదలయ్యే సీకం దాకా మీటరున్నర దూరం మొత్తం కెమెరాతో చూస్తారు. ఏమీ లేకపోతే పదేళ్ళదాకా మళ్ళీ అక్కర్లేదు.

కష్టం పరీక్షలో కన్నా దానికి ముందురోజు ఉంటుంది. రెండు మూడు రోజుల ముందు నుంచే గింజలు, పీచు ఉన్నవి మానాలి: వంకాయ, ములక్కాడ, గోంగూర, జామకాయ. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమంటారు, అవి పేగు గోడకి నల్లగా పట్టేస్తాయి. ముందురోజు పలచని ద్రవాలు, కొబ్బరినీళ్ళు, పాలు కలపని టీ వరకే. తర్వాత పీఈజీ అనే పేగు కడిగే పొడి కలిపిన ఉప్పటి నీళ్ళు సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగాలి. విరేచనం ఆఖరికి గోమూత్రం రంగులో తేటగా వస్తే పేగు శుభ్రమైనట్టు. సగం కడిగిన పేగులో ఎంత గొప్ప డాక్టరైనా చిన్న పాలిప్‌ని చూడలేడు. షుగరు మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు ఎప్పుడు ఆపాలో ముందే రాయించుకోవాలి.

ఇక్కడ పిఠాపురం వాళ్ళకో ప్రత్యేక సమస్య. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అయినా హైదరాబాద్‌లో చేయించుకుంటేనే తృప్తి అనుకునేవాళ్ళు చాలామంది. అనుకోవడానికి కారణమూ ఉంది. విశాఖపట్నంలో పుట్టి కర్నూలులో వైద్యం చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఎండోస్కోపీకి ప్రపంచంలోనే పేరున్న చోటు, ఆయనకి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. కాని సామర్లకోటలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్న దిగి, అదే పూట కొలనోస్కోపీ అంటే, ఆ పొడి నీళ్ళు రైల్లో తాగాలి. స్లీపర్ బోగీలో, ఒక్క టాయిలెట్ ముందు నలుగురు నిలబడి ఉండగా! ఒకరోజు ముందే వెళ్ళి గది తీసుకుని అక్కడే తాగడం తప్ప దారి లేదు. ఆ గది అద్దె, తోడు వచ్చినవాళ్ళ భోజనం కూడా ఈ పరీక్ష ఖర్చులోకే వస్తాయి.

అసలు చూడాల్సింది ఊరి పేరు కాదు, చేసే చెయ్యి. గొట్టాన్ని సీకం నుంచి వెనక్కి లాగుతూ చూసే సమయం ఆరు నిమిషాలకి తగ్గకూడదన్నది ఎప్పటి నుంచో ఉన్న ప్రమాణం. ఒక డాక్టరు చేసే స్క్రీనింగుల్లో నూటికి ఎందరిలో అడినోమాలు దొరుకుతున్నాయన్నది ఇంకా ముఖ్యం. అమెరికాలో 2014లో తేలిందేమంటే, ఆ శాతం ఒకటి పెరిగితే, ఆ డాక్టరు చూసిన రోగులకి తర్వాతి ఏళ్ళలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం మూడు శాతం తగ్గుతుంది. ఆ లెక్క మన దగ్గర రోగులెవరూ అడగరు. రిపోర్టులో సీకం దాకా వెళ్ళినట్టు, పేగు ఎంత శుభ్రంగా ఉందో రాశారా అన్నదైనా చూసుకోవాలి. ప్రమాదం లేకపోలేదు. అమెరికా లెక్కల్లో పదివేల స్క్రీనింగ్ కొలనోస్కోపీలకి పేగుకి చిల్లు పడటం మూడు, పెద్దగా రక్తస్రావం కావడం పదిహేను.

మరి ఇన్ని చేసే కొలనోస్కోపీ, సీసాలో పుల్ల గుచ్చే ఫిట్ కన్నా ఎంత మెరుగు? నిన్నమొన్నటిదాకా ‘చాలా మెరుగు’ అనే అందరూ అనుకున్నారు. 2022లో యూరప్ నుంచి ఒక ఫలితం వచ్చి ఆ ధీమాని కొంచెం కదిలించింది. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో 84 వేల పైచిలుకు మందిలో కొందరిని చీటీ వేసినట్టు ఎంచి కొలనోస్కోపీకి పిలిచారు, మిగిలినవాళ్ళని పిలవలేదు. పదేళ్ళ తర్వాత పిలిచినవాళ్ళలో క్యాన్సర్ వచ్చింది 0.98 శాతం మందికి, పిలవనివాళ్ళలో 1.20 శాతానికి. పద్దెనిమిది శాతం తగ్గుదల. చావుల్లో తేడా మాత్రం గట్టిగా చెప్పలేనంత చిన్నది. కొలనోస్కోపీ పనికిరాదని కొన్ని పత్రికలు రాసేశాయి. అది తొందరపాటు. పిలిచినవాళ్ళలో వచ్చి చేయించుకున్నది 42 శాతమే. రానివాళ్ళని కూడా పిలిచినవాళ్ళ ఖాతాలోనే లెక్కపెట్టారు, అలాగే లెక్కపెట్టాలి కూడా, ఎందుకంటే ఊరికి లాభం ఎంతన్నది అదే చెబుతుంది. 

తర్వాత 2025లో స్పెయిన్ నుంచి నేరుగా పోల్చిన ఫలితం వచ్చింది. యాభై ఏడు వేల మందిలో కొందరికి ఒక్కసారి కొలనోస్కోపీ, మిగిలినవాళ్ళకి రెండేళ్ళకోసారి ఫిట్. పదేళ్ళకి ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు కొలనోస్కోపీ వర్గంలో 0.22 శాతం, ఫిట్ వర్గంలో 0.24 శాతం. తేడా లేనట్టే. కారణం వెతకనక్కర్లేదు. కొలనోస్కోపీకి వచ్చింది నూటికి 32 మంది, ఫిట్‌కి 40 మంది. ఒక్కసారి చూసినప్పుడు ఫిట్ ఎక్కువ వదిలేస్తుంది, కాని ఎక్కువమంది చేయించుకుంటారు, మళ్ళీ మళ్ళీ చేయించుకుంటారు. మన దగ్గర ఆ పొడి నీళ్ళు, ఆ సిగ్గు, ఆ ప్రయాణం కలిపి చూస్తే ఈ అంతరం ఇంకా పెరుగుతుందనే నా అనుమానం.

మిగిలిన పరీక్షల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సగం పేగునే చూసే సిగ్మాయిడోస్కోపీ మంచి పరీక్షే. వెండీ ఆట్కిన్ బ్రిటన్‌లో 1,70,000 మంది మీద చేసిన అధ్యయనం దానితో చావులు 31 శాతం తగ్గాయని 2010లో చెప్పింది. అయినా ఇంగ్లండే 2021లో దాన్ని పక్కనపెట్టి ఫిట్‌నే ఉంచుకుంది. సీటీ స్కాన్‌తో పేగు లోపలి బొమ్మ తీయొచ్చు, సెంటీమీటరు దాటిన పాలిప్‌లు అందులో బాగానే దొరుకుతాయి, కానీ దొరికితే మళ్ళీ కొలనోస్కోపీయే గతి. మలంలో డీఎన్ఏ మార్పులు వెతికే కొలోగార్డ్‌కి అమెరికా 2014లో అనుమతిచ్చింది. పదివేల మంది మీద చూస్తే క్యాన్సర్లలో 92 శాతాన్ని పట్టింది, అదే మనుషుల్లో ఫిట్ 74 శాతమే పట్టింది. జబ్బు లేనివాళ్ళని ఊరికే భయపెట్టడంలో కూడా అది ఫిట్‌ని మించింది. ఖరీదు సంగతి సరేసరి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్ళొచ్చే మన అమ్మానాన్నలకి ఈ కొలోగార్డ్ పెట్టె పరిచయమే. రక్తంతో చేసే షీల్డ్ అనే పరీక్షకి 2024లో అనుమతి వచ్చింది. అది క్యాన్సర్లను 83 శాతం పట్టుకుంటుంది గాని, ముదిరిన పాలిప్‌లను పట్టేది 13 శాతమే. అంటే జబ్బుని ముందే తుంచేసే అవకాశం దానితో దాదాపు పోయినట్టే.

ఇంకొకటుంది, దీన్ని మాత్రం గట్టిగా కాదనాలి. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ‘క్యాన్సర్ మార్కర్’ అని సీఈఏ రక్తపరీక్ష కలిపి అమ్ముతుంటారు. అది జబ్బు తేలినవాళ్ళకి చికిత్స తర్వాత తిరగబెడుతోందేమో చూడటానికి పనికొచ్చేది. స్క్రీనింగ్‌కి పనికిరాదు. తొలిదశ క్యాన్సరున్న చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది, చుట్ట బీడీ కాల్చేవాళ్ళలో జబ్బు లేకపోయినా పెరుగుతుంది. ఆ నంబరు బాగుందని నిశ్చింతగా ఇంటికొచ్చినవాడు, పరీక్షే చేయించుకోనివాడి కన్నా ప్రమాదంలో ఉన్నాడు.

ఫిట్ అంత బాగుంటే ఊరూరా ఆశా కార్యకర్తల చేత పంచొచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. మన జాతీయ కార్యక్రమం 2016 నుంచి ముప్పై దాటినవాళ్ళకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ చెబుతోంది. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. అశ్రద్ధ అనుకోనక్కర్లేదు, లెక్క అలా ఉంది. వయసు తేడాలు సరిచేసి చూస్తే ఈ జబ్బు మన దేశంలో ఏటా లక్షకి ఐదుగురికి, అమెరికాలో దాదాపు అంతకు ఐదింతలు. వెయ్యిమందికి ఫిట్ చేశామనుకుందాం. వాళ్ళలో ఐదుగురికి క్యాన్సర్ ఉంటే నలుగురు దొరుకుతారు, జబ్బులేని మరో అరవైమందికి పాజిటివ్ వస్తుంది. అరవై నాలుగు కొలనోస్కోపీలకి నలుగురు. అదే వెయ్యిలో ఒక్కడికే ఉంటే, అరవై పైన కొలనోస్కోపీలకి దొరికేది ఆ ఒక్కడే. ఆ అరవైమందిలో కొందరికి పాలిప్‌లు దొరుకుతాయి, అది లాభమే. కానీ అన్ని కొలనోస్కోపీలు చేసేదెవరు? 

నెదర్లాండ్స్ అంతటి దేశానికే ఇది ఎదురైంది. 2014లో కార్యక్రమం మొదలుపెట్టగానే పాజిటివ్‌లు అనుకున్నదాని కన్నా ఎక్కువొచ్చి, కొలనోస్కోపీలు చాలక, ఆ ఏడాదే ఫిట్ పాజిటివ్ అనడానికి పెట్టుకున్న గీతని గ్రాము మలానికి 15 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ నుంచి 47కి పెంచేశారు. థాయ్‌లాండ్ లాంపాంగ్ ప్రావిన్సులో 2011లో మొదలుపెట్టినవాళ్ళు గీతని ముందే ఎత్తుగా పెట్టుకున్నారు. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకి వెళ్ళి కిట్లిస్తే 63 శాతం మంది చేయించుకున్నారు, పాజిటివ్ వచ్చింది నూటికి ఒక్కరికి, వాళ్ళలో పదింట ఏడుగురు కొలనోస్కోపీకి వచ్చారు. మనలాంటి ఎండలు, మనలాంటి గ్రామాలు ఉన్నచోట ఇది అయిందంటే ఇక్కడ కాదనడానికి లేదు. పిఠాపురంలోని 30 పడకల కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌ని 100 పడకల ఏరియా ఆసుపత్రి చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అక్కడ స్కోపు వస్తుందా, దాన్ని పట్టుకునే డాక్టరు ఉంటారా, లేక కాకినాడలో ఈ ఊరివాళ్ళకని వారానికో రోజు కేటాయిస్తారా అన్నది తేలకుండా కిట్లు పంచడం మొదలుపెడితే నేను సమర్థించను. ఇటలీలోని వెనెటోలో ఫిట్ పాజిటివ్ వచ్చి కొలనోస్కోపీ చేయించుకోనివాళ్ళని పదేళ్ళు వెంబడిస్తే, చేయించుకున్నవాళ్ళ కన్నా వాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు రెట్టింపున్నాయి. పాజిటివ్ వస్తే ‘ఇంకోసారి చేసి చూద్దాం’ అని రెండో కిట్ తెప్పించుకోవడం మనవాళ్ళకి సహజం. రెండోది నెగటివ్ వచ్చినా మొదటిది చెరిగిపోదు.

ఊరందరికీ కాకపోయినా, కొందరికి మాత్రం ఆగే పని లేదు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఫిట్‌తో సరిపెట్టుకోకుండా 40 ఏళ్ళకి, లేదా ఆ బంధువుకి జబ్బు తేలిన వయసుకన్నా పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాన్నకి 45కి వస్తే కొడుక్కీ కూతురికీ 35కే. లించ్ సిండ్రోమ్ లాంటి జన్యులోపాలున్న ఇళ్ళలో ఇంకా ముందే, ఇంకా తరచుగా.

పిఠాపురం పాదగయ క్షేత్రం. కుక్కుటేశ్వరస్వామి గుడి ప్రాంగణంలో పుష్కరిణి దగ్గర పిండప్రదానానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రాలతో చెబుతారు, తల్లివైపు వాళ్ళవీ చెబుతారు. జన్యు వైద్యుడు అడిగేది కూడా సరిగ్గా ఇదే, మూడు తరాలు, రెండు వైపులా. ఎవరు ఏ వయసులో దేనితో పోయారని అడిగితే మాత్రం జవాబు ‘కడుపులో ఏదో గడ్డండీ’, ‘మొలలు ముదిరి పోయారండీ’ దగ్గర ఆగిపోతుంది. మొలలతో చనిపోవడం చాలా అరుదు. ఇంట్లో ఆ మాట వినిపిస్తే, ఇంకా బతికున్న పెద్దమ్మనో బాబాయినో కూర్చోబెట్టి అడగండి: ఎన్నేళ్ళకి పోయారు, ఆపరేషన్ అయిందా, పొట్టకి సంచి పెట్టారా. పొట్టకి సంచి అంటే మలం బయటికి వచ్చేలా పెట్టే కొలాస్టమీ. డాక్టరుకి ఆ ఒక్క వివరం చాలా చెబుతుంది.

ఇంట్లో ఎవరికీ లేకపోతే ఎప్పుడు మొదలుపెట్టాలి? అమెరికా 2021లో ఆ వయసుని 50 నుంచి 45కి దించింది, అక్కడ చిన్నవయసు కేసులు పెరుగుతున్నాయని. మన రోగులు చిన్నవాళ్ళుగానే కనిపిస్తారు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2017లో ప్రచురించిన లెక్కలో సగటు వయసు 47 దగ్గరుంది. దీన్ని చూసి మనకి కుర్రాళ్ళలోనే జబ్బు ఎక్కువని అనుకోకూడదు. మన జనాభాలోనే కుర్రాళ్ళు ఎక్కువ, పెద్దవాళ్ళు అంత దూరం వైద్యానికి వెళ్ళడమూ తక్కువ. అయినా 35 ఏళ్ళవాడికి నెత్తురు పడితే ‘నీ వయసుకి క్యాన్సరేంటి’ అని తోసేయకూడదన్నదానికి ఆ లెక్క చాలు. బాధలేమీ లేనివాళ్ళు, ఖర్చు భరించగలవాళ్ళు 45 నుంచి 50 మధ్య మొదలుపెట్టొచ్చు. పదేళ్ళకోసారి కొలనోస్కోపీ అయినా, క్రమం తప్పని ఫిట్ అయినా సరే, పాజిటివ్ వస్తే ఎక్కడికి వెళ్ళాలో ముందే అనుకుని ఉండాలి.

ఆపే వయసు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 75 దాకా క్రమంగా చేయించుకున్నవాళ్ళకి ఆ తర్వాత పెద్దగా లాభం లేదు. 76 నుంచి 85 మధ్య ఆరోగ్యాన్ని బట్టి డాక్టరూ రోగీ కలిసి ఆలోచించుకోవాలి, 85 దాటాక స్క్రీనింగ్ అక్కర్లేదు. ఈరోజు దొరికే పాలిప్ క్యాన్సర్ కావడానికి పదేళ్ళు పడుతుంది, పేగు కడిగే మందు మాత్రం ఆ రాత్రే రక్తపోటు పడేయొచ్చు. అమెరికా నుంచి అబ్బాయి ఫోన్ చేసి ఎనభై రెండేళ్ళ నాన్నగారికి కొలనోస్కోపీ చేయించమంటే, కాకినాడ డాక్టరు వద్దనడంలో నిర్లక్ష్యం లేదు.